కుదుపుల్లో కుదురైన రాత

రైల్లో కూర్చుని సెలవుల హోంవర్క్ పూర్తి చేయాలని ఎప్పుడైనా ప్రయత్నించారా? మన విద్యాలయంలో చదివే పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. పుస్తకాల సంచి మాత్రం మన ఒళ్లోనే ఉంటుంది. బిలాస్‌పూర్‌లో బండి కదలకముందు బుద్ధిగా మొదలైన చేతిరాత భాటాపారా దాటేసరికి వేరే మనిషి రాసినట్టు తయారవుతుంది. 'క' మీది తలకట్టు పక్క అక్షరం మీదికి దూకుతుంది. సున్నా కోడిగుడ్డు అవుతుంది. కొమ్ము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దిద్దే టీచరుకే కాదు, రాసినవాళ్లకీ తెలియదు.

ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. రైళ్లు కొత్తగా వచ్చిన 19వ శతాబ్దంలోనే పెద్దపెద్దవాళ్లు దీనితో కుస్తీ పట్టారు. నవలలు రాసేవారు, వ్యాపారులు, తపాలా ఉద్యోగులు, రైలు గార్డులు, చదువుకునే కుర్రాళ్లు ఎవరికి తోచిన ఉపాయం వాళ్లు కనిపెట్టారు. ఇవాళ మన పెట్టెలో ఉన్న పెన్ను, పెన్సిలు, కార్బన్ కాగితం, పోస్టుకార్డు ఆ వందేళ్లలో రూపు దిద్దుకున్నవే. వాటిలో కొన్ని ప్రయాణం కోసమే పుట్టాయి, కొన్ని ప్రయాణంలో అక్కరకు వచ్చాయి.

పల్లకీ కాలం

ముందు రైలు లేని కాలం సంగతి చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసేవారు. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా పట్టిన ప్రయాణం. కడప, హైదరాబాదు, నాగ్‌పూర్, జబల్‌పూర్, అలహాబాదుల మీదుగా వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని తూర్పు తీరం వెంట వచ్చారు. దారి పొడవునా తాను చూసింది, విన్నది రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపారు. వీరాస్వామయ్య 1836లో పోయారు. ఆ రాతలను శ్రీనివాస పిళ్లె 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చువేయించారు. తెలుగులో మొదటి యాత్రా గ్రంథంగా చాలామంది చెప్పేది దీన్నే.

ఆయన సవారీ పల్లకీ. మోసేది బోయీలు. మనుషులు మోసే వాహనానికి మనుషులతో పాటే ఆకలి, అలసట ఉంటాయి. అందుకని మజిలీ ఉంటుంది. మజిలీలో వంట అవుతుంది, విశ్రాంతి అవుతుంది, రాత కూడా అవుతుంది. పల్లకీ కాలంలో 'కదులుతూ రాయడం' అన్న సమస్య ఎవరినీ పెద్దగా పీడించకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

అప్పటికి తెలుగునాట కాగితం, కలంతో పాటు తాటాకు, గంటం కూడా వాడుకలో ఉన్నాయి. గంటం అంటే ఇనుప మొన గల రాతపుల్ల. తాటాకును ఎడమచేత్తో పట్టుకుంటారు. గంటం కుడిచేతిలో ఉంటుంది. ఎడమచేతి బొటనవేలు గంటానికి ఆనుకుని దాన్ని నిలకడగా ఉంచుతుంది. రాస్తున్నకొద్దీ ఆకును జరుపుతారు. బల్ల అక్కరలేదు. సిరా కూడా రాసేటప్పుడు అక్కరలేదు. ముందు గీతలు గీస్తారు, తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు కనబడతాయి. ఒలికేది లేదు, ఆనించేది లేదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: ఆకు, గంటం రెండూ చేతుల్లోనే ఉన్నాయి. మనిషి ఊగితే రెండూ కలిసి ఊగుతాయి. ఈ మాటతో మనకు ముందుముందు పని ఉంది.

ఆగని బండి

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు రైలు నడిచింది. 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. 1862లో పుత్తూరు, రేణిగుంటల మధ్య లైను పడి తెలుగు నేల మీదికి రైలు వచ్చింది. మన బిలాస్‌పూర్ వంతు రావడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు ఉన్న మీటరు గేజి లైనును పెద్ద గేజిగా మార్చి తూర్పుకు పొడిగించింది. 1891లో ఆ లైను ఆసన్‌సోల్ దాకా పూర్తయింది. ఆ లైను మధ్యలో పెరిగిన రైల్వే ఊరు మనది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడి కాలనీల్లో స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్, విజయనగరాల మధ్య లైను పూర్తయ్యాక సొంతూరికి రాకపోకలు సులువయ్యాయి. మీలో కొందరి ముత్తాతలు అలా వచ్చినవారే అయ్యుంటారు.

రైలు మన అలసట కోసం ఆగదు. దాని స్టేషన్లు దానివి. గంటల కొద్దీ ఖాళీగా కూర్చోవాలి. చేతిలో సమయం ఉంది, రాయాల్సిన పని ఉంది, కానీ చెయ్యి నిలవదు. 19వ శతాబ్దపు మనిషికి ఇది కొత్త అనుభవం.

అసలు రైలు ఎందుకు కుదుపుతుంది?

పట్టాలు ఒకే ముక్కగా ఉండవు. ముక్కలను వరుసగా పేర్చి, రెండు పక్కలా ఇనుప పలకలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. ఆ పలకను ఫిష్‌ప్లేటు అంటారు. 1847లో ఇంగ్లండులో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ దీన్ని ప్రవేశపెట్టారు. ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి రెండు ముక్కల మధ్య కొంచెం సందు వదలాలి. చక్రం ఆ సందు దాటిన ప్రతిసారీ 'టక్' మంటుంది. ఆ దెబ్బ చక్రం నుంచి స్ప్రింగుకు, స్ప్రింగు నుంచి పెట్టెకు, పెట్టె నుంచి మీ మోచేతికి వస్తుంది. దీనికి తోడు వంపుల్లో పెట్టె పక్కలకు ఊగుతుంది. బ్రేకు పడినప్పుడు ముందుకు, వెనక్కు లాగుతుంది. అంటే మీ పెన్ను మీద మూడు దిక్కుల నుంచి దాడి జరుగుతోందన్నమాట.

పెద్ద గేజిలో పాత పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. దీనితో ఒక చక్కని లెక్క చేయవచ్చు. గడియారం చూస్తూ 47 సెకన్లలో ఎన్ని 'టక్'లు వినబడ్డాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యే ఇంచుమించుగా గంటకు కిలోమీటర్లలో బండి వేగం. ఎందుకంటే గంటకు ఒక కిలోమీటరు వేగంతో పోయే బండి 47 సెకన్లలో దాదాపు 13 మీటర్లు పోతుంది, అంటే ఒక్క పట్టా. అరవై పట్టాలు దాటితే అరవై కిలోమీటర్ల వేగం. ఒక జాగ్రత్త: ఒకే బోగీకి ముందు వెనక రెండు ఇరుసులు ఉంటాయి కాబట్టి 'టక-టక్' అని జంటగా వినబడుతుంది. జంటను ఒకటిగానే లెక్కించాలి.

ఇప్పుడు మెయిన్ లైనులో పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికించేస్తున్నారు. మన పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో ఒక్కో పట్టా 130 మీటర్ల పొడవున తయారవుతుంది. అలాంటివి రెండు కలిపి 260 మీటర్ల పట్టాలుగానూ పంపుతారు. అందుకే ఆ పాత తాళం ఇప్పుడు ఎక్కువగా యార్డుల్లో, లూప్ లైన్లలో మాత్రమే వినబడుతుంది. మన తాతలు రాసిన బండి మనదానికంటే చాలా ఎక్కువగా కుదిపేది.

ఇక అసలు కిటుకు. రాత పాడయ్యేది రైలు ఊగడం వల్ల కాదు. కాగితం ఒక రకంగా, చెయ్యి ఇంకో రకంగా ఊగడం వల్ల. రెండూ ఒక్కలా ఊగితే వాటి మధ్య కదలిక ఉండదు. మీ ఫిజిక్సు పుస్తకంలో దీన్నే సాపేక్ష చలనం అంటారు. కిటికీ దగ్గర గోడకు బిగించిన చిన్న బల్ల మీద నోటుబుక్కు పెట్టారనుకోండి. బల్ల పెట్టెతో పాటు వెంటనే ఊగుతుంది. మీరు మెత్తటి సీటు మీద కూర్చున్నారు, మీ ఒళ్లు ఒక క్షణం ఆలస్యంగా ఊగుతుంది. ఆ క్షణం తేడాలోనే తలకట్టు తప్పిపోతుంది. అదే నోటుబుక్కును ఒక గట్టి అట్ట మీద పెట్టి, అట్టను తొడల మీద పెట్టుకుని, మణికట్టు అట్టకే ఆనించి రాయండి. కాగితం, చెయ్యి, మీరు అందరూ ఒకే బండిలో ప్రయాణికులు అవుతారు.

తపాలా ఉద్యోగి నవలలు

ఈ కిటుకును సూత్రంగా కాకపోయినా అనుభవంగా పట్టుకున్న మనిషి ఆంథనీ ట్రోలోప్. ఆయన ఇంగ్లండులో తపాలా శాఖ ఉద్యోగి. 1834లో గుమాస్తాగా చేరి సర్వేయరు దాకా ఎదిగారు. మన అమ్మానాన్నల్లాగే ఊళ్లు తిరిగే కొలువు. గ్రామాల్లో ఉత్తరాలు సరిగ్గా అందుతున్నాయా లేదా అని చూడటం ఆయన పనిలో ఒక భాగం. స్టేషను బయట నిలబెట్టిన ఉత్తరాల డబ్బా కనబడినప్పుడు ఈయన్ను తలుచుకోవచ్చు. ఆయన సిఫారసు మీదే 1852లో ఛానెల్ దీవుల్లో ఇలాంటి నిలువు డబ్బాలు పెట్టారు.

ఉద్యోగం వల్ల రోజులో చాలా గంటలు రైల్లోనే గడిచేవి. ఆ గంటలు వృథా పోవడం ఆయనకు నచ్చలేదు. ఒళ్లో పెట్టుకునే చిన్న రాతపలక ఒకటి చేయించుకున్నారు. సిరాతో పెట్టుకోలేదు, పెన్సిలు పట్టుకున్నారు. కొద్దిరోజుల సాధనతో ఇంట్లో బల్ల దగ్గర రాసినంత వేగంగా రైల్లోనూ రాయగలిగారు. ఆ పెన్సిలు రాతను ఆయన భార్య తర్వాత సిరాతో తిరగరాసేవారు. 1857లో వచ్చిన 'బార్చెస్టర్ టవర్స్' నవలలో ఎక్కువ భాగం ఇలా రైల్లో రాసిందేనని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆ ఆత్మకథ ఆయన పోయాక 1883లో వెలువడింది. ఎదురుగా నలుగురైదుగురు ప్రయాణికులు చూస్తుండగా పలక తీసి రాయడం మొదట్లో బడాయిలా అనిపించి సిగ్గుపడ్డారట. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసే మనిషి, మొత్తం 47 నవలలు రాసిన మనిషి, ఆయనకే సిగ్గు!

నా దృష్టిలో ఈ కథలో మెచ్చుకోవలసింది పలకను కాదు. ఆ భార్య చేసిన పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వంకరటింకర పెన్సిలు గీతల్లోంచి నవలను బయటికి తీసింది ఆమె. రైలు రాతకు రెండో సగం ఇంట్లో జరిగేది.

తిరగరాసిన ప్రతి ఎంత విలువైనదో చార్లెస్ డికెన్స్‌కు తెలుసు. 1865 జూన్ 9న ఆయన ప్రయాణిస్తున్న రైలు ఇంగ్లండులో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర పట్టాలు తప్పింది. పదిమంది చనిపోయారు. ఆయన గాయపడినవారికి నీళ్లు అందించి సాయం చేశారు. తర్వాత, వంతెన మీద వేలాడుతున్న తన పెట్టెలోకి మళ్లీ ఎక్కి, రాస్తున్న నవల కాగితాలను తీసుకుని దిగారు. అవి పోతే ఆ భాగం మళ్లీ రాయాల్సిందే. సరిగ్గా అయిదేళ్లకు అదే తేదీన ఆయన కన్నుమూశారు.

రాతను చూసి చెప్పవచ్చు

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో చేసిన చిన్న ప్రసంగం చాలా ప్రసిద్ధం. ముందురోజు వాషింగ్టన్ నుంచి రైల్లో వెళ్తూ దాన్ని ఒక కవరు వెనక గబగబా రాశారని కథ ఒకటి ఉంది. వినడానికి బాగుంటుంది. ఆయన కార్యదర్శి జాన్ నికొలే ఆ రైల్లోనే ఉన్నారు. ఆ కుదుపుల్లో రాయడం కుదిరే పని కాదని, రైల్లో ఏమీ రాయలేదని ఆయన తర్వాత స్పష్టంగా చెప్పారు. ఆయన దగ్గరున్న ప్రతిలో మొదటి పేజీ అధ్యక్ష భవనం పేరు అచ్చువేసిన కాగితం మీద సిరాతో, రెండో పేజీ వేరే కాగితం మీద పెన్సిలుతో ఉంది. కదిలే రైలు అక్షరాల మీద తన వేలిముద్ర వదిలిపోతుంది. చరిత్రకారులు ఆ ముద్ర ఉందా లేదా అని కూడా చూస్తారు.

పెన్సిలు సంగతి

పెన్సిలు రైలుకు బాగా సరిపోతుంది. తలకిందులుగా పట్టుకున్నా కారదు. గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతి 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే కనిపెట్టారు. మట్టి పాలు పెంచితే గట్టి పెన్సిలు, తగ్గిస్తే మెత్తటిది. రైల్లో గట్టిదానికంటే మెత్తటిది మేలు, ఎందుకంటే ఒత్తి రాయనక్కరలేదు, ఒత్తకపోతే కుదుపుకు కాగితం చిరగదు. కదిలే బండిలో చాకుతో చెక్కుకుంటే వేలు తెగుతుంది కదా? దానికీ విరుగుడు వచ్చింది. 1822లో ఇంగ్లండులో సాంప్సన్ మోర్డన్, జాన్ ఐజాక్ హాకిన్స్ కలిసి చెక్కనవసరం లేని, లోపలి ముల్లును ముందుకు నెట్టుకునే పెన్సిలుకు పేటెంటు తీసుకున్నారు. మీ జామెట్రీ బాక్సులోని మెకానికల్ పెన్సిలుకు అది ముత్తాత.

పెన్సిలుకు ఉన్న ఒకే లోపం, చెరిపేయవచ్చు. టికెట్టు మీదో రిజిస్టరులోనో రాసింది చెరిగిపోతే కొంప మునుగుతుంది. 1870లలో ఇంకు పెన్సిలు వచ్చింది. గ్రాఫైటులో అనిలిన్ రంగు కలుపుతారు. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు, తడి తగలగానే ఊదారంగు సిరా. ఇక చెరిగిపోదు. కారని సిరా అన్నమాట. చాలామంది మొనను నాలుకకు అద్దుకుని రాసేవారు, నాలుకంతా ఊదారంగు అయ్యేది. ఆ రంగు ఒంటికి మంచిది కాదు, మీరెక్కడైనా పాత ఇంకు పెన్సిలు చూస్తే నోట్లో పెట్టుకోకండి.

సిరాను బంధించినవాళ్లు

సిరాబుడ్డి రైల్లో ఉండటమంటే నిండు నీళ్ల బిందెతో ఉయ్యాల ఊగడమే. ప్రయాణాల కోసం స్ప్రింగు మూత, లోపల రబ్బరో తోలో బిగించిన బుడ్డీలు తయారుచేశారు. మూత వేస్తే కారవు, కానీ రాయాలంటే మూత తీయాలి కదా. కాబట్టి అది సగం పరిష్కారమే. బుడ్డిని పెన్నులోకే ఎక్కించాలి.

ఆ పని మొదట పేటెంటు దాకా తెచ్చినవారిలో ఒకరు పారిస్‌లో చదువుకుంటున్న రొమేనియా కుర్రాడు పెట్రాకె పొయెనారు. పాఠాలు రాసుకోవడానికి మాటిమాటికీ సిరాలో ముంచడం ఆయనకు విసుగనిపించింది. 1827 మే 25న తన సొంత సిరాతో తానే నడిచే పెన్నుకు ఫ్రాన్సులో పేటెంటు పొందారు. చూశారా, దీని వెనక ఉన్నది నోట్సు రాసే విద్యార్థి.

కానీ అప్పటి పెన్నులు ఒకటే ఇబ్బంది పెట్టేవి, అయితే సిరా రాదు, వస్తే చుక్కగా పడుతుంది. కారణం తేలికే. మూసిన గొట్టంలోంచి సిరా బయటికి రావాలంటే దాని చోటులోకి గాలి వెళ్లాలి. గాలి వెళ్లకపోతే సిరా ఆగిపోతుంది. ఒక్కసారిగా వెళ్తే సిరా ఒక్కసారిగా దిగుతుంది. కుదిపితే మరీను. 1884 ఫిబ్రవరి 12న లూయిస్ వాటర్‌మన్ అమెరికాలో పేటెంటు పొందిన పెన్నులో పాళీ కింద ఉండే నాలుకలో సన్నని గాళ్లు ఉన్నాయి. ఒక దారిన సిరా సన్నగా దిగుతుంటే, అదే నిష్పత్తిలో గాలి లోపలికి ఎక్కుతుంది. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఆ సన్నని దారులు సిరాను పట్టి ఉంచుతాయి. అందుకే కుదుపుకు వెంటనే జారదు. మీ ఫౌంటెన్ పెన్ను పాళీ తీసి చూస్తే ఆ గాళ్లు కనబడతాయి. అమ్మకు చెప్పి, పాత కాగితం పరుచుకుని చూడండి.

ఈ పెన్ను తెలుగు నేలకు చేరిన కథ రాజమండ్రిలో ఉంది. కోసూరి వెంకటరత్నం అక్కడ 1930లలో స్వదేశీ ఫౌంటెన్ పెన్ను తయారుచేశారు. గట్టిపరచిన రబ్బరైన ఎబొనైటును లేతు మీద చెక్కి చేసే పెన్ను అది. 1935లో గాంధీజీకి అందితే, ఆయన రాసి చూసి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రత్నం పెన్నులు ఇప్పటికీ రాజమండ్రిలో చేత్తో చేస్తారు. గాంధీజీ మెప్పుకు విలువ ఎందుకంటే, ప్రయాణంలో రాయడం ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు తక్కువ. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్తూ కిల్డోనన్ కాసిల్ అనే ఓడలో పది రోజుల్లో 'హింద్ స్వరాజ్' రాశారు. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో రాశారు.

బండిలోనే కొలువు

రాయకపోయినా గడిచే ప్రయాణికుల మాట సరే. రాయకపోతే ఉద్యోగం గడవనివాళ్లు మన కాలనీలోనే ఉన్నారు. గార్డు (ఇప్పుడు ట్రెయిన్ మేనేజరు అంటున్నాం) ఏ స్టేషనుకు ఎప్పుడు చేరింది, ఎప్పుడు వదిలింది, ఎక్కడ ఎందుకు ఆగింది అన్నీ జర్నల్‌లో రాయాలి. గూడ్సు బండి చివర ఉండే బ్రేకువ్యానులో కూర్చుని రాసిన అక్షరం ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేసి ఉంటే అడగండి. ఆ నిమిషాల లెక్క మీదే ఆలస్యం ఎవరి ఖాతాలో పడాలో తేలుతుంది. కాబట్టి అది చదవగలిగేలా ఉండటం అలంకారం కాదు. ఒకే రాతకు రెండు మూడు ప్రతులు కావలసినచోట కార్బన్ కాగితం పనికొస్తుంది. దీనికి 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు తీసుకున్నారు. ఛార్టు పట్టుకుని నిలబడి టిక్కులు పెట్టే టీటీఈని గమనించారా? కాగితం అట్ట మీద, అట్ట ఎడమచేతి మీద. తాటాకు పద్ధతే.

తపాలా శాఖ ఇంకో అడుగు ముందుకు వేసి పోస్టాఫీసునే రైలెక్కించింది. ఇంగ్లండులో 1838లో, మనదేశంలో 1860లలో అలహాబాదు, కాన్పూరు మధ్య, నడుస్తున్న బండిలోనే ఉత్తరాలను వేరుచేసే పని మొదలైంది. తర్వాత అదే రైల్వే మెయిల్ సర్వీస్, ఆర్.ఎం.ఎస్. అయింది. ఊరి డబ్బా తీసేసే వేళ దాటిపోయినా, కొంచెం ఆలస్య రుసుము స్టాంపు అంటించి ఉత్తరాన్ని నేరుగా మెయిల్ పెట్టెకున్న డబ్బాలో వేసే వీలుండేది.

ధనవంతుల ఉపాయం వేరు. అమెరికాలో 1890లలో కొన్ని పెద్ద ఎక్స్‌ప్రెస్ బండ్లలో షార్ట్‌హ్యాండ్ గుమాస్తా, టైపు మిషను ఉండేవి. వ్యాపారి చెప్పుకుంటూ పోతే చాలు. 1893లో వచ్చిన బ్లికెన్స్‌డర్ఫర్ మిషను పెట్టెలో పెట్టుకుని మోసుకెళ్లేటంత చిన్నది. టైపులో అక్షరం రూపు ముందే చెక్కి ఉంటుంది కాబట్టి బండి దాన్ని వంకర చేయలేదు. మీరు ఫోనులో టైపు చేసినా అంతే. ఫోను ఎడమచేతిలో, బొటనవేలు దాని మీద. మళ్లీ తాటాకే!

తనే బల్ల అయిన కాగితం

నాకు వీటన్నిటిలో ఇష్టమైనది పోస్టుకార్డు. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా–హంగరీలో పుట్టింది. మనదేశంలో 1879 జులైలో కాలణా ధరకు, అంటే అణాలో నాలుగోవంతుకు వచ్చింది. దానికి కవరు వద్దు, అంటించడం వద్దు. మందంగా ఉంటుంది కాబట్టి కింద పలక కూడా వద్దు. అరచేతిలో పట్టుకుని రాసి, వచ్చిన స్టేషన్లో డబ్బాలో వేయవచ్చు.

బదిలీల మీద తిరిగే మనకు ఇందులో ఒక సొంత లెక్క ఉంది. బళ్లో హిందీ, ఇంగ్లీషు రాస్తాం. కొత్త ఊళ్లో తెలుగు చెప్పే టీచరు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడినా చేత్తో రాసే సందర్భం నెలల తరబడి రాదు. వత్తులు ముందు పోతాయి, తర్వాత గుణింతం తడబడుతుంది. పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో తెలుగు తప్ప మరొకటి చదవలేని అమ్మమ్మ ఉంటే, ఆమెకు మీరు రాసే నాలుగు వాక్యాలే ఆ ఏడాది మీరు రాసిన తెలుగు కావచ్చు. విడిచి వచ్చిన క్లాసులో ఒక తెలుగు స్నేహితురాలు ఉంటే ఇంకో నాలుగు. రైల్లో ఖాళీ గంటలు ఎలాగూ ఉన్నాయి.

తర్వాతి ప్రయాణంలో ఇలా చేసి చూడండి. ఒకే వాక్యం ఎంచుకోండి, 'అమ్మమ్మా, మేము బిలాస్‌పూర్ నుంచి బయలుదేరాం' లాంటిది. కనీసం రెండు వత్తులు, ఒక సున్నా ఉండాలి. బండి నిలబడి ఉండగా ఒకసారి రాయండి. నడుస్తుండగా కిటికీ బల్ల మీద ఒకసారి, ఒళ్లో అట్ట మీద ఒకసారి, పోస్టుకార్డును అరచేతిలో పట్టుకుని ఒకసారి రాయండి. బాల్‌పెన్నుతోనూ మెత్తటి పెన్సిలుతోనూ వేర్వేరుగా చేయండి. ప్రతి వాక్యం పక్కన సమయం, దగ్గరలోని స్టేషను పేరు, వీలైతే 47 సెకన్ల 'టక్'ల లెక్క వేయండి. తర్వాత ఆ కాగితాన్ని తమ్ముడికో చెల్లికో ఇచ్చి, సమయాలు, పేర్లు వేలితో మూసి, బండి ఎక్కడెక్కడ ఆగిందో అక్షరాలను చూసి చెప్పమనండి. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ తేలిగ్గా దొరికిపోతాయి, అక్కడ బండి ఎక్కువసేపు ఆగుతుంది. చిన్న స్టేషన్లు దొరుకుతాయేమో చూడండి.